ఇంటికన్నా ముందు బగీచా

అసర్ నమాజు కాగానే అమ్మీ బుట్ట పట్టుకుని గడప దగ్గర నిలబడేది. బుట్టలో ఖుర్పీ, రెండు నీళ్ళ సీసాలు, జానిమాజ్, ఫ్లాస్కులో చాయ్. "చల్, ఘర్ దేఖ్‌కో ఆయింగే" అనేది.

ఘర్ అంటే అప్పటికి లింటెల్ దాకా లేచి ఆగిపోయిన గోడలు. పైన కప్పు లేదు. చువ్వలకు తుప్పు. గదుల్లో వానకు మొలిచిన గడ్డి. నాకైతే అటు చూడబుద్ధయ్యేది కాదు. చూస్తే లెక్కలు గుర్తొచ్చేవి. నెలనెలా 6,500 కిరాయి, జిద్దా ఎండలో ఏసీలు బిగించే మా ఆయన జీతం, పునాదుల్లోకి పోయిన నా గాజులు, గోడల్లోకి పోయిన నా నెక్లెసు. సూద్ కట్టడం ఇష్టం లేక బ్యాంకు వైపు వెళ్ళలేదు. మా బావగారి దగ్గర కర్జ్-ఎ-హసనా తీసుకున్నాం. వచ్చే రంజాన్ లోపల తిరిగిచ్చేస్తామని వాదా. ఆయన అడగరు. అడగకపోవడమే నాకు ఎక్కువ భారం.

అది 2019. ఆ ఏడాది ఇల్లు మొదలుపెట్టిన వాళ్ళ దగ్గర ఇసుక మాటెత్తితే చాలు, మిగతా కథ వాళ్ళే చెప్తారు. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, మధ్యలో మా కర్నూలు. అయినా గుప్పెడు ఇసుక లేదు. తర్వాత ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోమన్నారు. ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని, స్టాక్ అయిపోయిందని వచ్చేది. కొని పెట్టిన 40 బస్తాల సిమెంటులో 11 బస్తాలు వానతేమకు గడ్డకట్టి రాళ్ళయ్యాయి. మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని బెంగళూరు వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే మొదట్లో "వస్తానక్కా, బక్రీద్ దాటనీ" అనేవాడు. ఆ తర్వాత ఎత్తడమే మానేశాడు. తిట్టుకునేదాన్ని. కానీ ఒకరోజు వాళ్ళావిడ మా దగ్గరికే వచ్చి, ఇక్కడ పని లేదని, పిల్లల ఫీజు కట్టలేదని చెప్పి రెండు వేలు అప్పు అడిగింది. ఆ రోజు నుంచి తిట్టడానికీ నోరు రాలేదు.

అమ్మీ మాత్రం గోడల వైపు చూడదు. నేరుగా వెనక్కి వెళ్తుంది.

మాది 3 సెంట్ల జాగా. వెనకవైపు ప్లాను ప్రకారం వదలాల్సిన ఖాళీ ఉంది. నల్లరేగడి నేల. వాన పడితే చెప్పుల్ని పట్టుకుని వదలదు, ఎండొస్తే వేలు దూరేంత పగుళ్ళు. బేస్‌మెంటు నింపడానికి తోలించిన ఎర్రమట్టి కొంత మిగిలితే, అమ్మీ దాన్ని బొచ్చెతో మోసుకొచ్చి నల్లమట్టిలో కలిపింది. 68 ఏళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులకు నమాజు కుర్చీలో చదువుతుంది. మట్టిలో మాత్రం కూర్చుంటే లేవదు. ముందు పుదీనా కాడలు గుచ్చింది. తర్వాత మెహందీ కొమ్మ, ఒక దేశీ గులాబీ, నాలుగు టమోటా మొక్కలు, సబ్జా. ఒక మూలన, నంద్యాల ఖాలా ఇంటి నుంచి తెచ్చిన అనార్ కొమ్మ.

ఆ అనార్ సంగతి చెప్పాలి. పాతబస్తీలో మాకు మట్టిమిద్దె ఉండేది. దాని ఆంగన్‌లో అనార్ చెట్టు. నేను పుట్టిన ఏడాది అబ్బా నాటారట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు పక్కింటి మేడెక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే మిద్దె లేదు. సందూక్‌లోని బట్టలు, అబ్బా ఫోటోలు, రేషన్ కార్డు, అన్నీ బురద ముద్ద. అమ్మీ వాటికి ఏడవలేదు. బురదలో పక్కకు ఒరిగిపోయిన అనార్ కాండం పట్టుకుని ఏడ్చింది. అంతకుముందెప్పుడో ఖాలా ఆ చెట్టు కొమ్మ ఒకటి తీసుకెళ్ళి నాటుకుంది. అది నంద్యాలలో బతికింది. ఇప్పుడు దాని కొమ్మ మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. పదేళ్ళు కిరాయి ఇళ్ళల్లో, డబ్బాల్లో కొత్తిమీర చల్లుకుంటూ గడిపిన మనిషికి ఆ కొమ్మ అంటే ఏమిటో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మొదట్లో నాకు చిరాకు. "కాయకు అమ్మీ ఇదంతా? పని మొదలైతే కంకర ఇక్కడే పోస్తారు" అన్నాను. "పోసినప్పుడు చూద్దాంలే" అంది. మట్టి తడుపుతూనే ఉంది. వజూ కూడా ఆ పాదు పక్కనే చేసుకునేది, నీళ్ళు మొక్కలకు పోతాయని.

బక్రీద్‌కు పది రోజుల ముందు పొట్టేలును తెచ్చి అక్కడే కట్టేశాం. అది తాడు తెంపుకుని గులాబీని మొదలంటా మేసింది. అమ్మీ దాన్ని ఒక్క మాట అనలేదు. కుర్బానీ జానవర్‌ను ఏమంటాం! కానీ దాని పెంటికలన్నీ ఏరి గులాబీ పాదులోనే వేసింది. నెల తిరిగేసరికి మొండి నుంచి ఎర్రటి చిగుళ్ళు. తీసుకున్నదాన్ని అదే తిరిగి ఇచ్చిందని నవ్వింది.

ఆ చిగుళ్ళు ఆకులయ్యాక పసుపెక్కాయి. ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా. నర్సరీ అతనికి ఫోన్‌లో చూపిస్తే వెంటనే అడిగాడు, "అక్కడ సిమెంటు కలిపారా?" కలిపారు. తాపీలు, బొచ్చెలు కడిగిన నీళ్ళూ అక్కడే పారబోశారు. సిమెంటు వల్ల మట్టిలో సున్నం గుణం పెరిగితే, నేలలో ఇనుము ఉన్నా గులాబీ వేరు దాన్ని తీసుకోలేదట. పైమట్టి గీకేసి, మాగిన ఎరువు వేయమన్నాడు. ఇద్దరం కూర్చుని జానెడు లోతు గీకాం. ఆ సాయంత్రం నేను ఒక్కసారి కూడా ఇసుక గురించి ఆలోచించలేదని ఇంటికొచ్చాక గమనించాను. నెలల తర్వాత మొదటిసారి రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

ఆ తర్వాత నేనే ముందు బుట్ట సర్దేదాన్ని. మట్టిలో చేతులు పెడితే ఫికర్ పోతుందని అనను. అప్పు అప్పే. కానీ గోడలు నా చేతిలో లేవు, ఈ పాదు ఉంది. నీళ్ళు పోస్తే పుదీనా వాదా తప్పదు. టమోటాలు పండితే సగం పిట్టలే పొడిచేవి. నేను తరమబోతే అమ్మీ ఆపేది. మన చెట్టు నుంచి పిట్ట తిన్నా సదఖాయే అని హదీసు ఉంది కదా అనేది. కనీసం పిట్టలైనా మన ఇంట్లో దావత్ చేసుకుంటున్నాయి అనుకునేదాన్ని.

మా ఆయనకు వీడియో కాల్‌లో ఈ బగీచా చూపిస్తే సంతోషిస్తారనుకున్నాను. "నేను స్లాబ్ గురించి అడుగుతుంటే నువ్వు పుదీనా చూపిస్తున్నావా?" అన్నారు. కోపం కాదు, అలసట. ఇంకో మాట కూడా అన్నారు. ఆ వెనక ఖాళీలో ఒక గది వేసేస్తే కిరాయికి ఇవ్వొచ్చు, కర్జ్ తొందరగా తీరుతుంది, మెట్లు కూడా అటే పెట్టొచ్చు. మేస్త్రీ కూడా వెళ్ళేముందు అదే సలహా చెప్పాడు, "సెట్‌బ్యాక్ ఎవరు వదుల్తారక్కా" అని. ప్లానులో వదులుతామని రాసి సంతకం పెట్టింది మనమే కదా అని నా లోపల ఒకటి గీరుతూనే ఉంది. కానీ బయటికి అనలేకపోయాను. ఆయన లెక్క తప్పు కాదు, ఆ లెక్క కోసమే ఆయన అంత దూరంలో ఉన్నారు. అమ్మీ పక్కనే కూర్చుని వింది. ఏమీ అనలేదు. మర్నాడు అసర్ అయ్యాక బుట్ట తీయలేదు. నొప్పులు అంది. మూడు రోజులు అదే మాట.

నాలుగో రోజు నేను ఒక్కదాన్నే వెళ్ళి నీళ్ళు పోసొచ్చాను. అనార్‌కు రెండు కొత్త ఆకులు వచ్చాయి. అమ్మీకి చెప్పాను. "అచ్ఛా" అంది, అంతే. తస్బీ తిప్పడం ఆగలేదు.

డిసెంబరులో మా ఆయన 40 రోజుల సెలవు మీద వచ్చారు. కొత్తింట్లో దిగాల్సిన మనిషి, కిరాయింట్లోనే సూట్‌కేసులు దించారు. మర్నాడు ఇద్దరం జాగా దగ్గరికి బయల్దేరుతుంటే అమ్మీ కూడా వచ్చింది, బుట్ట లేకుండా. ఆయన గోడలన్నీ తట్టి చూశారు. తుప్పు గీరి చూశారు. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండేది. వెనక్కి వచ్చి, జేబులోంచి టేపు తీసి కొలవడం మొదలుపెట్టారు. టేపు కొస అనార్ మొక్క దగ్గర ఆగింది.

"యే కాయకా ఝాడ్ అమ్మా?" అని అడిగారు.

"పురానే ఘర్ కా అనార్ బేటా" అంది అమ్మీ. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. నిఖా అయిన కొత్తలో ఆయన ఆ చెట్టు కిందే మంచం వేసుకుని పడుకునేవారు.

టేపు గిర్రున చుట్టుకుంది. ఆయన ఇటుకల మీద కూర్చున్నారు. నేను ఫ్లాస్కు విప్పి చాయ్ పోస్తుంటే, వంగి రెండు పుదీనా ఆకులు తుంచి తన గ్లాసులో వేసుకున్నారు. జిద్దాలో అలా తాగడం అలవాటైందట. నాకు తెలియదు. ఫోన్‌లో ఇలాంటివి మాట్లాడుకోం కదా.

మగ్రిబ్ దాకా అక్కడే ఉన్నాం. కప్పు లేని హాలులో జానిమాజ్ పరిచి ఆయన నమాజు చదివారు. తర్వాత ప్లాను కాగితం విప్పి, ఫోన్ లైటు వేసుకుని చాలాసేపు చూశారు. మెట్లు ఉత్తరం వైపు తిప్పితే ఎంతవుతుందో మేస్త్రీని అడుగుదామని ఫోన్ చేశారు.

మోగింది. ఎత్తలేదు.