కువైట్‌కు ఇసుక కబురు

ఏమప్పా,

నీ ఇంటికి ఇసుక దించినారు. జల్లెడ పట్టిస్తే మట్టే ఎక్కువ తేలింది. పోట్లాడినావా అని నువ్వు అడుగుతావు గానీ, నేను పోట్లాడలేదని నీకు ముందే తెలుసు. కురబలకోటలో వాన ఊసు లేదు. టమోటా ధర అడగొద్దు. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది గానీ ఆ మాట నీకు రాయొద్దంది. తగ్గిందని తెలిస్తే నువ్వు ఫోన్లు తగ్గిస్తావంట.

ఇసుక అనుకుంటే గుర్తొచ్చింది. "మొదలుపెట్టినాడ్రా, ఇంక ఆకాశానికి పోతాడు" అని నువ్వక్కడ నవ్వుతుంటావు. పోతాను. చుట్టూ ఎడారి పెట్టుకున్నవాడికి ఇసుక గురించి నువ్వేం చెప్తావంటావా? నీ కువైట్ ఇసుకైనా, మన బాహుదా ఏటి ఇసుకైనా ఏదో ఒక రాయి అరిగితే వచ్చిందే. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటాన్ అనే చందమామ మీద ఇసుక అట్ల రాలేదు. దాని సరుకు ఆకాశంలో తయారై కిందికి దిగింది.

అక్కడి గాలిలో చాలావరకు నత్రజని, తర్వాత మీథేన్. పైన ఎండ తగిలి ఆ రెండూ విరుగుతాయి. విరిగిన ముక్కలు ఊరికే ఉంటాయా? ఒకదాన్నొకటి పట్టుకుని ఎసిటిలీన్, బెంజీన్, హైడ్రోజన్ సయనైడ్ అవుతాయి, ఇంకా పెద్ద పెద్ద అణువులవుతాయి. అదే నారింజ రంగు మసకై టైటాన్‌ను కప్పేసింది. ప్రయోగశాలలో ఇట్లాంటి సరుకే చేసి 1979లో కార్ల్ సాగన్, బిషన్ ఖరే దానికి 'థోలిన్' అని పేరు పెట్టినారు. ఖరే మన దేశంవాడే. తెలుగువాళ్ళు లేరా అంటావు, నీ సంగతి నాకు తెలీదా! నాసా వాళ్ళ జేపీఎల్‌లో గుడిపాటి మూర్తి ఉన్నాడు. పైగాలిలోనే కాదు, బలమైన కిరణాలు చేరని కిందిగాలిలో గడ్డకట్టిన రేణువుల మీద కూడా ఈ రసాయనం నడుస్తుందని ఆయన బృందం 2013లో చూపించింది. ఇంటిపేరు విని ఊరేదని అడుగుతావు. అది మాత్రం అడక్కు.

చిక్కంతా ఇక్కడుంది. ఆ మసకలో రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతు. కింద దిబ్బల్లో ఇసుక గింజ దానికి వంద రెట్లు, అంతకంటే ఎక్కువ. నేను చెప్పినట్లు మన ఇసుక పెద్దది చిన్నదైతే వచ్చింది. అక్కడ చిన్నది పెద్దదవ్వాల. ఎట్లయిందో ఇంకా తేలలేదు. గింజలు ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతాయి, గాలికి దొర్లి అరుగుతాయి, ఈ రెండూ సమానమైన చోట ఇసుక సైజులో నిలుస్తాయి అని 2022లో ఒక లెక్క వచ్చింది. నాకది నచ్చింది. నీకు నచ్చదు, నీకు తేలిన సంగతులే కావాల.

అతుక్కోవడానికి ఇంకో కారణం కరెంటు. 2017లో అమెరికాలో జార్జియా టెక్ వాళ్ళు నాఫ్తలీన్ గింజల్ని నత్రజని నింపిన గొట్టంలో వేసి తిప్పినారు. నాఫ్తలీన్ అంటే మన ట్రంకు పెట్టెల్లో పట్టుచీరల మధ్య వేసే కలరా ఉండలే. రాపిడికి వాటికి విద్యుదావేశం పట్టి, దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్లు కొన్ని గొట్టం గోడకు అంటుకున్నాయి. మామూలు ఇసుక వేస్తే రాలిపోయింది. కాబట్టి టైటాన్‌లో చిన్నగాలికి ఇసుక కదలకపోవచ్చు. ఇది ఇంకో ముడి విప్పడానికి కూడా పనికొస్తుంది. నేల దగ్గర గాలి మామూలుగా తూర్పు నుంచి పడమరకు వీస్తుందని లెక్కలు చెప్తాయి. దిబ్బల రూపం చూస్తే ఇసుక పడమర నుంచి తూర్పుకు పోయింది. రోజూ వీచే గాలికి చేతకానిది, ఎప్పుడో వచ్చే తుపాను చేస్తోందని నా నమ్మకం.

దిబ్బలంటే చిన్నవి కావు. వంద మీటర్ల ఎత్తు, వందల కిలోమీటర్ల పొడవు, భూమధ్యరేఖ లాంటి నడిమి పట్టీలో చాలావరకు అవే. దూరం నుంచి నల్లగా కనిపిస్తే మొదట సముద్రాలనుకున్నారు. కాసిని అంతరిక్ష నౌక రాడార్ చూసి, 2006లో అవి ఇసుక దిబ్బలని తేల్చింది.

ఆ ఇసుకలో అంత కర్బనముంటే కాల్చుకోవచ్చు కదా? కువైట్‌లో ఉన్నవాడివి, నీ బుద్ధి పెట్రోలు మీదికే పోతుంది. నిజమే, భూమ్మీద బొగ్గు నిల్వలకంటే ఆ దిబ్బల్లో సరుకు వందల రెట్లు ఎక్కువని అంచనా. కానీ మైనస్ 179 డిగ్రీల చలి, పైగా గాలిలో ఆక్సిజన్ లేదు. ఆ సరుకు అంటుకోదు.

నాసా డ్రాగన్‌ఫ్లై అని ఎనిమిది రోటర్ల యంత్రాన్ని 2028లో పంపుతామంటోంది. 2034లో అది షాంగ్రీ-లా అనే ఇసుక మైదానంలో దిగి, ఆ సరుకునే తీసి పరీక్ష చేస్తుంది. అప్పటికన్నా నువ్వు ఊరికి వచ్చేయప్పా. ఈ ఉత్తరానికి జవాబు మాత్రం కాగితం మీదే రాయి. ఫోనులో అయితే 'ఊ' కొట్టి వేరే మాటకు పోతావు.