కావలూరులో మబ్బు పట్టిన రాత్రి

మాఘమాసంలో మబ్బు పడుతుందని ఎవరనుకుంటారు? మేము కావలూరు చేరిన శనివారం సాయంత్రం మాత్రం ఆకాశం బూడిదరంగు దుప్పటి కప్పుకుని కూచుంది.

కుప్పం దగ్గర మా హైస్కూలు నుంచి పన్నెండుమంది పిల్లలతో బయలుదేరాను. జోలార్‌పేట దాకా రైలు. అక్కడినుంచి వాణియంబాడి, ఆలంగాయం మీదుగా జవ్వాది కొండల్లోకి అద్దె వ్యాను. ఆడపిల్లలు ముగ్గురే. వాళ్లను పంపమని ఇళ్లచుట్టూ తిరిగి నా చెప్పులు అరిగాయి. ఒక పిల్ల తండ్రి, "చుక్కలు మా వీధిలో లేవా అయివారూ?" అని అడిగి, చివరికి కాపలాగా తానే వెంట వచ్చాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

పొద్దుండగా పెద్ద దుర్భిణి గుమ్మటం చూశాం. 1986లో ప్రారంభించిన ఆ దుర్భిణికి వైను బప్పు పేరు పెట్టారు. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగం చేస్తుండగా అక్కడ పెరిగినవాడు బప్పు. దుర్భిణి అద్దం అడ్డుకొలత 2.34 మీటర్లు.

"ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుంది సార్?" అన్నారు మావాళ్లు. అందరూ అడిగేది అదే. కాని దుర్భిణి మొదటి పని వెలుగును పోగుచేయడం. వానలో చెంబు పెడితే చెంబెడు నీళ్లు, గంగాళం పెడితే గంగాళమెడు. చీకట్లో మన కంటిపాప బాగా విచ్చుకుంటే 7 మిల్లీమీటర్లు, లెక్క కట్టండన్నాను. కాపలా తండ్రి కూతురే మట్టిలో పుల్లతో గీసి, "లక్ష రెట్లకు పైనే సార్" అంది.

లెక్కతో కడుపు నిండుతుందా? సందర్శకుల వేళ దాటిపోయింది, మబ్బు కదలలేదు. వచ్చే ఏడు ఆడపిల్లను నా వెంట ఎవరు పంపుతారు?

వ్యాను కొండ దిగుతుంటే ఒకడు అరిచాడు: "సార్, చుక్క!"

చెరువుగట్టు దగ్గర ఆపించాను. సీటు కింద మేము చేసుకున్న దుర్భిణి ఉంది. కళ్లజోళ్ల దుకాణంలో కొన్న ప్లస్ ఒకటి అద్దం, మీటరు ప్లాస్టిక్ గొట్టం, కంటి దగ్గర 5 సెంటీమీటర్ల నాభ్యంతరం గల భూతద్దం. ఇరవై రెట్లు. అంచుల్లో రంగులు కమ్మకుండా ముందు చిల్లు అట్ట బిగించాం. కావలూరులో 1968లో పని మొదలైందీ కోడైకెనాల్ వేధశాల పెరట్లో చేసిన 38 సెంటీమీటర్ల దుర్భిణితోనే గనక నేనేమీ సిగ్గుపడలేదు.

గురుగ్రహానికి గురిపెట్టాను. నాలుగోవాడు, "ఏమీ లేదు సార్!" అన్నాడు.

"ఎవడ్రా కదిపింది?" అని కేకలేశాను. ఎవరూ కదపలేదు. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున భూమి తిరిగిపోతున్నది. ఆ పాఠం వాళ్లకు చెప్పినవాణ్ణి నేనే! బొమ్మ తలకిందులు గనక పిల్లలు గొట్టాన్ని ఎదురుదిక్కుకు నెట్టి ఇంకా పోగొట్టారు. ఆ పిల్ల వచ్చి, కాసేపు తడుముకుని, పట్టేసింది. గ్రహం, దాని వరసలోనే నాలుగు చుక్కలు. 1610లో గెలీలియో చూసినవే.

తండ్రి వ్యాను దిగి వచ్చాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, గొట్టాన్ని రెండు చేతులా పట్టుకోబోయాడు.

"పట్టుకోవద్దు నాయనా. అది కదలడం లేదు, మనమే తిరగతా ఉండాం."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. ఎంతకీ లేవడే! వెనక వరసలో పిల్లలు గొణగడం మొదలుపెట్టారు.