త్రిశంకుడు దిక్కు చూపే ఆకాశం

వెల్లింగ్టన్‌లో అరుంధతి కనిపించదు. మబ్బు లేని రాత్రి ఎంత వెతికినా ప్రయోజనం లేదు. భూమధ్యరేఖకు ఇంత దక్షిణాన సప్తర్షి మండలం దిగంతం దాటి పైకి రాదు కాబట్టి, వశిష్ఠుణ్ణి అంటిపెట్టుకుని ఉండే ఆ చిన్న చుక్కా రాదు. ధ్రువుడి సంగతి సరేసరి, రేఖ దాటినవాళ్లకు ఆయన దర్శనం లేదు. మన పెళ్లితంతులో కొత్త దంపతులకు చూపించే చుక్కలు రెండూ న్యూజిలాండ్‌లో పాదాల కిందే ఉండిపోతాయి.

ఆమధ్య ఇక్కడ మా మిత్రుల అమ్మాయి పెళ్లయింది. పట్టపగలు ముహూర్తం, అద్దెకు తీసుకున్న హాలు. తలంబ్రాలయ్యాక పంతులుగారు వధూవరుల్ని బయట పచ్చిక మీదకు తీసుకొచ్చి ఉత్తరం వైపు వేలు చూపించి, "అమ్మా, అరుంధతిని చూశారా?" అన్నారు. "చూశామండీ" అన్నారిద్దరూ. పెళ్లికూతురి తమ్ముడు ఫోన్లో చుక్కల్ని చూపించే యాప్ తెరిచి, అటూ ఇటూ తిప్పి, చివరికి దాన్ని నేలవైపు వంచాడు. "పెదనాన్నా, అరుంధతి భూమి కింద ఉంది. మరి అక్క ఏం చూసింది?" అని నన్నడిగాడు.

ఆ పిల్లాడికి సరైన జవాబు చెప్పాలనిపించింది. మన శాస్త్రాల్లో స్థూలారుంధతీ న్యాయం అని ఒకటుంది. శంకరాచార్యుల బ్రహ్మసూత్ర భాష్యంలోనూ వస్తుంది. అరుంధతి మసక చుక్క, కొత్తగా చూసేవాడికి చప్పున ఆనదు. అందుకని ముందు దగ్గర్లో ఉన్న పెద్ద చుక్కను చూపించి "అదే అరుంధతి" అంటారు. చూపు అక్కడ కుదురుకున్నాక, అది కాదు, దాని పక్కనున్న సన్నటిది అంటారు. పురాణకథలు చేసే పని ఇదేనని నా నమ్మకం. కళ్లకు కట్టే ఒక పెద్ద బొమ్మ చూపించి, దాని పక్కనున్న సూక్ష్మమైన సంగతి వైపు చూపు తిప్పుతాయి. పెద్ద చుక్క దగ్గరే ఆగిపోయినవాడికి కథ మూఢనమ్మకంగా కనిపిస్తుంది. అసలు తలే ఎత్తనివాడికి అది వట్టి తంతు. నా మాటకు విలువుంటే పంతులుగారికి ఒకటి విన్నవిస్తాను. లేని చుక్కను చూశామనిపించే బదులు, "అరుంధతి ఆ కొండల అవతల, దిగంతం కింద ఉంది, కనబడకపోయినా తలుచుకోండి" అనవచ్చు. మంత్రానికి లోపమేమీ రాదు, పిల్లల ముందు మాటా నిలబడుతుంది.

మాది వినుకొండ వైపు మెట్ట ఊరు. కళ్లం కాపలాకు వెళ్లిన రాత్రుల్లో తాతయ్య చుక్కల్ని చూసి పొద్దు ఎంతయిందో చెప్పేవాడు. వరసగా ఉండే మూడు చుక్కలు ఆయనకు గొర్రుకొయ్యలు. గుంపుగా మినుకుమినుకుమనేవి పిల్లలకోడి. ఆ మూడు చుక్కల్లో గ్రీకులకు వేటగాడి నడికట్టు కనిపిస్తే, గొర్రుతో కందీ జొన్నా ఎదబెట్టే మా ఊరికి సేద్యం పనిముట్టు కనిపించింది. పిల్లలకోడినే పురాణం కృత్తికలంది, కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులంది. తాతయ్యకు రెండూ తెలుసు. సందర్భాన్ని బట్టి ఏది కావాలో అది చెప్పేవాడు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ గొర్రుకొయ్యల్ని ఉత్తరం వైపు ఆకాశంలో, తిరగబడి ఉండగా చూశాను. చంద్రుడూ తిరగబడే ఉంటాడు. సంక్రాంతి నడివేసవిలో వస్తుంది, ఎండు గడ్డికి నిప్పంటుకుంటుందని చాలాచోట్ల భోగిమంటకు అనుమతే ఉండదు. ఇలాంటివాటికి రెండు మూడేళ్లలో అలవాటు పడిపోతాం. ఆకాశంతో ముడిపడిన కథల విషయంలో మాత్రం అలవాటు పడి ఊరుకోకూడదు. కొత్త చోట వాటిని మళ్లీ చూడాలి.

అగస్త్యుణ్ణే తీసుకోండి. వినుకొండలో చలికాలం రాత్రి దక్షిణాన, అంత ఎత్తుకు రాకుండా, ఒంటరిగా మెరిసే పెద్ద చుక్క. సూర్యుడి దారికి అడ్డంగా పెరుగుతున్న వింధ్యను వంచి, తాను తిరిగొచ్చేదాకా అలాగే ఉండమని చెప్పి, దక్షిణానికి వెళ్లి మళ్లీ రాని ముని. వానలు వెనకపట్టాక ఆ చుక్క తెల్లవారుజామున మళ్లీ పొడుస్తుంది, చెరువుల్లో నీళ్లు తేటపడతాయి. అగస్త్యుడి ఉదయంతో జలాలు నిర్మలమవుతాయన్న మాట అలా పుట్టింది. వరాహమిహిరుడు బృహత్సంహితలో అగస్త్యచారానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆ ఉదయం అన్ని దేశాలకూ ఒకే రోజు కాదనీ, ఏ దేశానికి ఆ దేశం లెక్కగట్టుకోవాలనీ చెప్పి, ఉజ్జయినికి ఎప్పుడో విడిగా చెప్పాడు. నాకు ఎంతో నచ్చే మాట అది. ఆయన లెక్కను వెల్లింగ్టన్ దాకా పొడిగిస్తే తేలేదేమిటంటే, ఇక్కడ అగస్త్యుడు అసలు అస్తమించడు. మావోరీలు ఆయన్ని అటుటాహి అంటారు. వాళ్ల కథలోనూ ఆయన మిగతా చుక్కల్లో కలవక, పాలపుంతకు ఎడంగా ఒక్కడే నిలబడ్డవాడే.

మావోరీల దగ్గర నేను నేర్చుకున్నది ఇంకా ఉంది. మన కృత్తికలే వాళ్ల మటారికి. ఆకాశం రంగినుయి, భూమి పాపాటూఆనుకు. గట్టిగా కౌగిలించుకుని ఉన్న ఆ తల్లిదండ్రుల మధ్య చీకట్లో పిల్లలు మగ్గిపోయారు. వెలుతురు కోసం ఇద్దరినీ విడదీశారు. గాలిదేవుడు టావిరిమాటెయా ఆ ఎడబాటుకు ఓర్వలేక తన కళ్లు తనే పీక్కుని, నలిపి, తండ్రి గుండెల మీదకు విసిరాడు. ఆ కళ్ల ముక్కలే ఈ చుక్కలు. ఒక్కో చుక్కకు ఒక్కో బాధ్యత. ఒకటి నేలలో పండేదానికి, ఒకటి చెట్లమీద దొరికేదానికి, ఒకటి మంచినీటికి, ఒకటి ఉప్పునీటికి, ఒకటి వానకు, ఒకటి గాలులకు. పోహుటుకావా అనే చుక్క ఆ ఏడాది పోయినవాళ్లను తీసుకెళుతుంది.

మనకు మే రెండో వారంలో కృత్తిక కార్తె, ఆ వెంటనే రోహిణి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అనుకునే రోజుల్లోనే సూర్యుడి వెలుగులో కృత్తికలు కొన్ని వారాలు కనబడకుండా పోతాయి. జూన్ చివర్లోనో జులైలోనో తెల్లవారకముందు ఈశాన్యంలో మళ్లీ పొడుస్తాయి. ఇక్కడది గడ్డకట్టే చలికాలం. ఆ పొడుపే మావోరీలకు కొత్త సంవత్సరం. 2022 జూన్ 24న న్యూజిలాండ్ దాన్ని మొదటిసారి జాతీయ సెలవుదినంగా జరుపుకుంది. చాంద్రమానం కాబట్టి తేదీ ఏటా మారుతుంది. 2023లో జులై 14, 2024లో జూన్ 28. మన పండగల్లాగే. 2052 దాకా తేదీలు ముందే లెక్కగట్టి చట్టంలో పెట్టారు. ఆ లెక్క కట్టిన బృందానికి పెద్ద రంగి మాటామువా. ఆయన తాతగారి ఇంట్లో 400 పేజీల రాతప్రతి ఒకటి బయటపడింది. ఆ కుటుంబపు పూర్వీకులు 1898లో మొదలుపెట్టి నక్షత్రాల పేర్లూ కథలూ రాసిపెట్టుకున్నది. ఇంట్లో దాచుకున్న కథలు కొన్ని తరాలు గడిచేసరికి దేశమంతటికీ పండగయ్యాయి.

అన్నిటికన్నా నన్ను కదిలించింది మరో సంగతి. పడమటి తీరంలో టారనాకి, ఫాంగనుయి ప్రాంతాల తెగలకు కొండలు అడ్డం కావడంతో మటారికి పొడుపు సరిగా కనిపించదు. వాళ్లు పుఆంగా అనే మరో చుక్కతో సంవత్సరాన్ని మొదలుపెడతారు. ఎవరూ వాళ్లను సంప్రదాయం తప్పారనరు. ఏ దేశానికి ఆ దేశం లెక్క అన్న వరాహమిహిరుడి మాటను వాళ్లు వినకుండానే ఆచరిస్తున్నారు.

మా అమ్మ పోయిన ఏడాది, మా పక్కింటి మావోరీ పెద్దావిడ మటారికి తెల్లవారుజామున నన్ను వాళ్లవాళ్లతో కొండ మీదకు తీసుకెళ్లింది. ఈదురుగాలి, కాళ్ల కింద మంచు పట్టిన గడ్డి. మూతపెట్టిన గిన్నెల్లో చిలగడదుంప, కోడి, మంచినీటి పాము చేప, సముద్రపు చేప వండి తెచ్చారు. మూతలు తీయగానే ఆవిరి లేచింది. ఆ ఆవిరే చుక్కలకు నైవేద్యం. ఆ తర్వాత ఒక్కొక్కరే తమవాళ్ల పేర్లు గట్టిగా పలికారు. పెద్దావిడ నా వైపు తిరిగి, "నువ్వు కూడా పిలువు నాయనా, మీ అమ్మకు దారి తెలియాలి కదా" అంది. అమ్మ పేరు పిలిచాను. కార్తీకంలో మా శివాలయం ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తేవాళ్లు, పితృదేవతలకు దారి కనిపించాలని. ఆ నెలకు పేరిచ్చిన చుక్కలూ ఇవే. ఎక్కడో సముద్రాల అవతల, మనతో ఏ రాకపోకలూ లేని జనం కూడా పోయినవాళ్లను ఈ చుక్కలకే అప్పగించారని ఆ చలిలో నిలబడి గ్రహించాను. ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న వాదన నాకు అక్కర్లేదు. కొన్ని వారాలు మాయమై మళ్లీ కనిపించే చుక్కల్ని చూస్తే, దుఃఖంలో ఉన్న మనిషికి ఎక్కడైనా ఆ ఆశే పుడుతుంది.

మన ప్రవాసులు తమ గురించి తాము వాడుకునే మాట ఒకటి ఉంది. సభల్లో, కథల్లో, శనివారం భోజనాల దగ్గర ఎవరో ఒకరు అంటారు: "మనది త్రిశంకు స్వర్గం." అటూ కాదు, ఇటూ కాదు అని. నిట్టూర్పుగా మొదలైన ఈ పోలిక మన బతుకుల్ని ఎలా నడిపిస్తుందో నేను దగ్గరగా చూశాను. ఈ దేశంలో పౌరసత్వం లేకున్నా, శాశ్వత నివాసం ఉండి ఏడాది కాపురమున్నవాళ్లు ఓటు వేయొచ్చు. అయినా పేరు నమోదు చేయించుకోనివాళ్లున్నారు. పదేళ్లుగా సొంత ఇంట్లో ఉంటూ పెరట్లో ఒక్క పండ్ల చెట్టు నాటనివాళ్లున్నారు. ఎందుకని అడిగితే ఈ మాటే చెబుతారు. పిల్లలు ఇవన్నీ వింటూ, తాము ఎక్కడా కాళ్లూననివాళ్లమనుకుంటూ పెరుగుతారు. దక్షిణానికి వెళ్లి తిరిగిరాని వాళ్ల కథలు మనకు రెండున్నాయి. అగస్త్యుడు వెళ్లిన చోట నాటుకుని పూజ్యుడయ్యాడు. మనం ఆయన్ని వదిలేసి, జాలిపడే కథను ఎంచుకున్నాం. దాన్నీ పూర్తిగా చదవలేదు.

వాల్మీకి బాలకాండలో త్రిశంకుడి కథ 57 నుంచి 60 దాకా నాలుగు సర్గల్లో ఉంది. బొందితో స్వర్గానికి వెళ్లాలన్న ఆ ఇక్ష్వాకు రాజును వశిష్ఠుడు కాదన్నాడు, ఆయన కొడుకులు శపించారు. విశ్వామిత్రుడు యాగం చేసి పైకి పంపాడు. ఇంద్రుడు కిందికి తోశాడు. తలకిందులుగా పడుతున్నవాణ్ణి "నిలు" అని విశ్వామిత్రుడు ఆపేశాడు. మన వాడుక ఇక్కడే ఆగిపోతుంది. కథ ఆగదు. విశ్వామిత్రుడు దక్షిణాన కొత్త సప్తర్షుల్నీ కొత్త నక్షత్రాల్నీ సృష్టించాడు. దేవతలు దిగివచ్చి ఒప్పందానికి వచ్చారు. ఆ నక్షత్రాలు అలాగే ఉంటాయి, త్రిశంకుడు వాటి నడుమ తలకిందులుగానే అయినా అమరుడిలా వెలుగుతాడు, ఆ జ్యోతులు ఆయన్ని అనుసరిస్తాయి. కథ చివర్లో ఆయన దిక్కులేనివాడు కాదు, ఒక కొత్త ఆకాశానికి కేంద్రం.

త్రిశంకుడంటే దక్షిణాన కనిపించే నాలుగు చుక్కల శిలువ ఆకారమని మనవాళ్లలో చాలామంది గుర్తిస్తారు. న్యూజిలాండ్ జెండా మీదున్న నాలుగు చుక్కలూ అవే. మన ఊళ్లలో అది ఏడాదిలో కొన్ని నెలలే, అదీ దిగంతం దగ్గర కాసేపు కనిపించి దిగిపోతుంది. ఇక్కడ ఎన్నడూ అస్తమించదు. కార్తీకమాసపు రాత్రి తొలిజాములో తలకిందులుగా కిందికి దిగి ఉంటుంది. వైశాఖంలో అదే వేళకు తల పైకెత్తి నిటారుగా నిలబడుతుంది. వింధ్యకు ఉత్తరాన ఉన్నవాడికి ఈ చుట్టు మొత్తం తెలిసే వీల్లేదు. మనకు తెలుసు, ఎందుకంటే మనం ఇక్కడున్నాం.

మరో సంగతి. దక్షిణ ఆకాశంలో ధ్రువుడి లాంటి చుక్క లేదు. ఇక్కడి ఆకాశం దాదాపు ఖాళీగా ఉన్న ఒక చోటు చుట్టూ తిరుగుతుంది. దక్షిణం ఎటో తెలియాలంటే త్రిశంకుడి తల నుంచి పాదం దాకా ఒక గీత ఊహించుకుని, పాదం దాటి ఆ పొడవుకు నాలుగున్నర రెట్లు పొడిగించాలి. గీత ఆగిన చోటు నుంచి తిన్నగా కిందికి దిగితే, దిగంతం మీద అది దక్షిణం. చీకట్లో కొండల్లో నడిచేవాళ్లు ఇక్కడ ఇలాగే దిక్కు చూసుకుంటారు. మనం జాలిపడే ఆ రాజే, ధ్రువుడు లేని చోట ధ్రువుడి పని చేస్తున్నాడు.

అందుకని ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో, దక్షిణాఫ్రికాలో ఉన్న తెలుగువాళ్లకు నా విన్నపం. ఇంట్లో ఆ పాత మాట వాడేముందు ఆ నాలుగు సర్గలూ చదవండి. మే నెల మధ్యలో, రాత్రి తొమ్మిదింటికి పిల్లల్ని పెరట్లోకి తీసుకెళ్లి, దక్షిణం వైపు తిరిగి త్రిశంకుణ్ణి చూపించండి, దిక్కు కనుక్కోవడం నేర్పండి. అదే రోజు మన ఊళ్లో ఉన్న తాతయ్యకూ నానమ్మకూ ఫోన్ చేసి, వాళ్ల రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి దక్షిణం వైపు చూడమనండి. చాచిన చేతి పిడికిలికి కాస్త పైన, అవే నాలుగు చుక్కలు వాళ్లకూ కనిపిస్తాయి.