మ్రోగు మందసము

ఈ మధ్య మోటారు కారులలో వెనుక అఱయందు, జనులు డిక్కీ యని పిలుచు చోట, ఒక చెక్కపెట్టెను అమర్చి దానిలో సబ్‌వూఫరను పెద్ద స్పీకరును బిగించుట వాడుకయైనది. మంద్రధ్వనులను మాత్రమే పలుకుట దాని పని. నార్కట్‌పల్లి మీదుగా పోవు రహదారిలో నిలిచినవారికి కారు కంటబడుటకు ముందే గుండెలో నొక గుద్దు తగులుట అనుభవమే. దీనిని వట్టి రొదగా నెంచి ముఖము చిట్లించుకొను పెద్దలు మన సంఘములో పెక్కురు. మేమును ఆ పెద్దలలోనివారమే. అయినను గత జనవరిలో ఆ పెట్టెను గూర్చి లెక్క కట్టవలసిన పని మాకు తటస్థించెను. మన పై తరగతుల బాలురకును బాలికలకును ఆ లెక్క ఉపయోగించునని తలంచి యిచ్చట వ్రాయుచున్నాము.

మన పాఠశాలలో చదివి, గణితములో తప్పి, చదువు చాలించిన యువకుడొకడు నల్లగొండలో కార్లకు సీటు కవర్లును పాటల పెట్టెలును అమర్చుచు బ్రదుకుచున్నాడు. దేవరకొండనుండి హైదరాబాదునకు కిరాయికి కారు నడుపు ఒకనికి అతడు సబ్‌వూఫరు పెట్టె కట్టి యిచ్చెను. పాట యేదైనను ఆ పెట్టె ఒక్క స్వరమునే బుయ్యిమని పలుకుచుండెను. మూడు దినములలో సరి చేయనియెడల బయానా సొమ్ము మరల నీయవలెనని కారువాడు గట్టిగా చెప్పిపోయెను. ఆ సొమ్ము చెక్కకే సరిపోయినది. ఆ సాయంకాలము యువకుడు మాయొద్దకు వచ్చి, “సారూ, అప్పుడు మీరు క్లాసుల సీస మీద ఊది సూపిచ్చిన్రు గదా, ఇది గదేనా?” అని యడిగెను.

అదియే. ఖాళీ సీసా మూతిమీద అడ్డముగా ఊదినయెడల ఒక స్వరము పుట్టును. కొన్ని నీళ్లు పోసి మరల ఊదుడు, స్వరము పైకెక్కును. మన తల్లులకును అక్కచెల్లెండ్రకును ఇది పాఠము చెప్పనక్కఱలేదు; కొళాయిక్రింద బిందె నిండవచ్చినదని వారు వంటయింటిలోనుండియే చెవితో తెలిసికొందురు. లోపలి గాలి స్ప్రింగువలెను, మెడలోని గాలి ఆ స్ప్రింగునకు కట్టిన బరువువలెను పనిచేయును. జర్మను శాస్త్రజ్ఞుడగు హెల్మ్‌హోల్ట్జు పందొమ్మిదవ శతాబ్దమున ఇట్టి బోలు గోళములను చెవికి ఆనించి, కలసిన ధ్వనులలోనుండి ఒక్కొక్క స్వరమును వేఱుచేసి వినెను. అనునాదమని మన పుస్తకములలో చెప్పబడున దిదే. స్పీకరు పెట్టెలో ఆ సీసా మెడకు బదులుగా ఒక గొట్టము ఉండును.

ఇంతకును పెట్టె యేల యని యడుగవచ్చును. స్పీకరు గరాటు ముందునకు కదలినపుడు ఎదుటి గాలిని త్రోయును, వెనుకటి గాలిని లాగును. పెట్టె లేనిచో ముందరి గాలి అంచు చుట్టి వెనుకకు జాఱి, రెండును పరస్పరము చెఱుపుకొనును. సన్నని స్వరములకు ఈ నష్టము తక్కువ. మంద్రస్వరములు మాత్రము దాదాపు నశించును. కావున వెనుకటి గాలిని బంధింపవలెను, లేదా గొట్టముద్వారా తగిన వేళకు వెలుపలికి పంపి ముందరి గాలికి తోడుచేయవలెను. మొదటిది మూసిన పెట్టె, రెండవది గొట్టపు పెట్టె. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనునాతడు మూసిన పెట్టెలోని గాలినే స్పీకరునకు స్ప్రింగుగా వాడుకొను స్పీకరును వెలువరించెను. పాటలోని మాట తేటగా వినవలెననువారికి మూసిన పెట్టెయే మేలని మా యభిప్రాయము. కారువానికి గుండె అదరవలెనట. గొట్టపు పెట్టెయే కోరెను.

మఱునాడు బడి విడిచిన పిమ్మట దుకాణమునకు పోయితిమి. పెట్టె ముందరి నేలపై నుండెను. పది అంగుళముల స్పీకరు. మురుగునీటికి వాడు 110 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టపు ముక్క. దాని పొడవు 10 సెంటీమీటర్లు మాత్రమే. ఎందుకంత అని యడుగగా, అంత ముక్కయే మిగిలియుండెనని చెప్పెను.

యువకుని తండ్రియు అక్కడ నుండెను. ఆయన డప్పు వాయించు వృద్ధుడు. కుమారుడు ఫోనులోనుండి ఒక్కొక్క స్వరమును 80 హెర్ట్జులనుండి మెల్లగా దింపుచుండగా ఆ వృద్ధుడు పెట్టెపై అరచేయి ఆనించి కన్నులు మూసికొనెను. ఒకచోట “ఆగు, ఇగో ఈడనే కూసున్నది” అనెను. ఫోనులో 61 అని యుండెను. ఇంకను దింపగా గరాటు పట్టులేక ఊగులాడెను. “ఇంతకన్న కిందికి పోతె సడలిన డప్పే సారూ” అని ఆయన చేయి తీసివేసెను.

మేము కాగితముపై లెక్క వేసితిమి. పెట్టెలో నిజముగా మిగిలిన గాలి 40 లీటర్లు. గొట్టపు లోపలి వ్యాసము 10 సెంటీమీటర్లు, కావున నోటి వైశాల్యము 78.5 చదరపు సెంటీమీటర్లు. పొడవు 10, కాని గాలి గొట్టపు చివరలవద్ద ఖండించినట్లు ఆగక కొంచెము వెలుపలికిని కదలును గనుక మఱి 7.3 కలుపవలెను. వైశాల్యమును, ఘనపరిమాణము పొడవుల లబ్ధముచే భాగించి, వర్గమూలము తీసి, ధ్వనివేగముచే గుణించి, రెండు పైలచే భాగింపగా వచ్చినది 59. మా లెక్కకును ఆయన అరచేతికిని భేదము రెండు హెర్ట్జులు. లెక్కకు మాకు అరగంట పట్టెను.

ఇచ్చట కొంచెము ప్రక్కకు పోక తప్పదు. మా తాతగారి కాలమున డప్పు కొట్టుట వెట్టిచాకిరిగా నుండెను. ఊరిలో చావు చాటవలసినను, జాతర సాగవలసినను కొట్టితీరవలెను, కాదన్నవానికి దెబ్బలు. పందొమ్మిదవ శతాబ్దపు చివర పాలమూరు నల్లగొండలయందు బాప్తిస్టు మిషనులు నెలకొన్న పిమ్మట, బాప్తిస్మము పొందిన కుటుంబములు పెక్కు డప్పును విడిచెను. మా తాతగారును విడిచిరి. అందుకు వారు చూపిన ధైర్యమును మేము తక్కువ చేయము. అయినను వెట్టితోకూడ వాద్యమును సయితము అవమానముగా నెంచుట మాకెన్నడును సరియని తోచలేదు. తెలంగాణ ఉద్యమకాలమున ఆ డప్పే వీధివీధిని మ్రోగెను, 2014లో రాష్ట్రమేర్పడెను. క్రిస్మసు రాత్రి అది దేవాలయపు ఆవరణలోనికి రావచ్చునా యను తర్కము మాత్రము మా సంఘకూటములో ఇంకను తెగలేదు. ఈ వృద్ధుని యింటివారు విశ్వాసులై యుండియు డప్పును విడువలేదు. మూడు తరములుగా వెనుక బల్లలయందే కూర్చుండుచున్నారు. ఆ చేతికిని ఆ చెవికిని వారసుడైన కుమారుడు మన పాఠశాల పట్టీలో గణితమున తప్పినవాడని వ్రాయబడియున్నాడు.

స్పీకరుతో వచ్చిన కాగితము అట్టపెట్టెలోనే మడతగా నుండెను. దానిలో స్పీకరు స్వభావమును తెలుపు సంఖ్యలు కొన్ని కలవు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో చదివిన పత్రమును, తరువాత 1970వ దశకమున రిచర్డ్ స్మాల్ చేసిన కృషియు ఈ సంఖ్యలకు మూలము. అంతకుముందు పెట్టె కట్టుట చాలవఱకు ఊహమీదనే నడచెను. మన స్పీకరునకు 40 లీటర్ల గాలియు 35 హెర్ట్జుల స్వరమును తగునని కాగితము చెప్పుచున్నది. 59ని 35కు దింపవలెనన్న గొట్టమెంత పొడవుండవలెను? వర్గమూలపు లెక్క గనుక స్వరము సగమగుటకు పొడవు నాలుగు రెట్లు కావలెను. ఇచ్చట దాదాపు 2.8 రెట్లు: 17.3కు బదులుగా 48.6. చివరల 7.3 తీసివేయగా 41 సెంటీమీటర్లు. ఈ భాగహారమును యువకుడు తానే చేసెను. తప్పు లేదు.

కాని పొడవైన గొట్టము పెట్టెలోని చోటును తినును. వెలుపలి వ్యాసము 11 గనుక అది 4 లీటర్లు. స్పీకరు వెనుకటి అయస్కాంతమును చట్రమును మఱి 2. కావున లోకొలత 46 లీటర్లుండవలెను. పాత పెట్టె చాలదు. నిర్గమకాండములోని మందసము పొడవు రెండున్నర మూరలు, వెడల్పును ఎత్తును ఒకటిన్నర మూర చొప్పున. మూరకు 18 అంగుళములైన అది సుమారు 537 లీటర్లగునని మేము ఏటేట ఘనపరిమాణపు పాఠములో లెక్క వేయింతుము. ఆ సంగతి యువకునికి జ్ఞాపకమున్నది. “గదైతె డిక్కీల పట్టది సారూ” అని నవ్వెను. మేము నిర్ణయించిన లోకొలతలు 60, 32, 24 సెంటీమీటర్లు. గుణించిన 46,080 ఘనసెంటీమీటర్లు. పలక 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. గనుక వెలికొలతలు ఒక్కొక్కటి 3.6 సెంటీమీటర్లు పెరుగును. పలక కోయువాడు వెలికొలతకే కోయును. లోకొలతయే చెప్పినయెడల పెట్టె చిన్నదగును. గొట్టమును ఒక ఎల్బోతో వంచితిమి. వంపుగల గొట్టమును నడిమి గీతవెంట కొలువవలెను. లోపలి చివర గోడకు మిక్కిలి దగ్గర కారాదు, గాలి పీల్చుటకు ఎడము కావలెను. గొట్టమును మొదట 45 సెంటీమీటర్లకే కోయుమంటిమి. పొడవును తగ్గింపవచ్చును గాని అతికి పెంచుట కష్టము.

అంచులకు ఫెవికాలు పూసి స్క్రూలు బిగించి, లోపల మూలలకు సిలికాను పట్టించి ఒక రాత్రి ఆరనిచ్చిరి. మూడవ దినము ఉదయమున పరీక్ష. స్పీకరు పలుకుచుండగా అతుకులవెంట వెలుగుచున్న క్రొవ్వొత్తిని త్రిప్పితిమి. ఒక మూల జ్వాల వణకెను, అక్కడ మరల సిలికాను పట్టించిరి. పిమ్మట పెట్టెను వెల్లకిల వేసి స్పీకరు గరాటులో గుప్పెడు జొన్నలు పోసితిమి. 60 వద్ద జొన్నలు ఎగిరెను. 45 వద్ద మఱింత ఎగిరెను. 34 వద్ద దాదాపు నిశ్చలముగా కూర్చుండెను. అదే క్షణమున గొట్టపు నోటియెదుట పట్టిన క్రొవ్వొత్తి ఆరిపోయెను. ఇల్లు అలుకుచున్న ప్రక్కయింటి అవ్వ వచ్చి చూచి, గింజలు నిలిచినప్పుడే దీపమేల ఆరెనని యడిగెను. మంచి ప్రశ్న. పెట్టె స్వరమునకు వచ్చినపుడు పని యంతయు గొట్టములోని గాలియే చేయును, గరాటు విశ్రమించును. అంతకంటె క్రిందికి దింపిన గాలి పట్టు తప్పి గరాటు మితిమీఱి ఊగి చెడును. పాత పెట్టెలో 59కి క్రిందనుండు ప్రతి స్వరమునకును ఆ యపాయమే. నాలుగు సెంటీమీటర్లు కోయగా 35 అయ్యెను.

డిక్కీలో పెట్టిన తరువాత ధ్వని ఇంకను పెరిగెను. 35 హెర్ట్జుల తరంగము పొడవు దాదాపు 10 మీటర్లు. కారు లోపల అంత చోటులేదు, గనుక అద్దములు మూసినపుడు తరంగము పాఱుటకు బదులుగా గాలి మొత్తమే నొక్కబడి విడువబడును. కారువాడు తనకిష్టమైన పాట పెట్టెను. యువకుని తండ్రి వెనుక సీటులో కూర్చుండి రెండు చరణములు విని, “ఇప్పుడు మాట మాటకు తేడా దెలుస్తుంది” అనెను. మిగిలిన సొమ్ము అక్కడనే చెల్లించెను. మేము కారువానికి ఒక సంగతి చెప్పితిమి: 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము ఆస్పత్రులకును పాఠశాలలకును న్యాయస్థానములకును చుట్టు 100 మీటర్లు నిశ్శబ్దమండలము కావచ్చును; జనావాసములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే పరిమితి. మంద్రధ్వని అద్దములకును గోడలకును సులభముగా లొంగదు. అతడు తల యూపెను గాని, పాట ధ్వని తగ్గింపలేదు.

వారము దినముల తరువాత యువకుడు మహబూబ్‌నగరునుండి వచ్చిన మఱియొక కారునకు పెట్టె లెక్కను చెక్కముక్కమీద పెన్సిలుతో వ్రాసి తెచ్చెను. 12 అంగుళముల స్పీకరు, 55 లీటర్లు. గొట్టపు చోటును కలుపుట మఱువలేదు. కడపట ధ్వనివేగమును 346 మీటర్లని ఏల తీసికొనవలెనని యడిగెను. అది 25 డిగ్రీల వేడిమికి సరియగు వేగమనియు, మన యెండలో మూసియుంచిన కారు 60 డిగ్రీలకు చేరినచో వేగము 366 కాగా 35 హెర్ట్జుల పెట్టె 37 పలుకుననియు చెప్పితిమి. అతడు నమ్మలేదు. మే నెలలో మిట్టమధ్యాహ్నము జొన్నలు తెచ్చెదననెను.