వేలు చూపిస్తే రాలే పిందె

పందిరెక్కిన సొరపాదు పూత మొదలుపెట్టి మూడు వారాలైనా ఒక్క కాయ నిలవలేదు. పొద్దున్నే బడికి వచ్చేసరికి కింద వాడిన తెల్లపూలు, పసుపెక్కిన పిందెలు. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మది రోజూ ఒకటే మాట: "పిల్లలు వేళ్లు చూపిస్తున్నారు మేడం. ఇంక పిందె నిలుస్తుందా?"

ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. పరాగ సంపర్కం పాఠానికి ఏటా ఒక మందారపువ్వు తెచ్చి, బ్లేడుతో నిలువునా చీల్చి, కేసరాలూ కీలాగ్రమూ చూపించి, బొమ్మ గీయించి వదిలేసేదాన్ని. మార్కులకేం లోటు రాలేదు. తోట వేద్దామన్నప్పుడు నా ఉద్దేశం కూడా అంతకన్నా పెద్దదేం కాదు, బొమ్మ బదులు మొక్క చూపిద్దామని.

వంటగది వెనక రెండు సెంట్ల జాగా. గదులు కట్టినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెళ్లలు అందులోనే ఉన్నాయి. మొదటి ఏడాది పైన మట్టి పోసి నాటేశాం. మేకలు తిన్నన్ని తిన్నాయి, మిగిలినవి దసరా సెలవుల్లో ఎండిపోయాయి. తప్పు నాదే, సెలవుల్లో నీళ్లెవరు పోస్తారో ఆలోచించలేదు. రెండో ఏడాది కంకర ఏరించి, చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి, చుట్టూ ముళ్లకంప వేయించాం. పిల్లలు చేతులు కడిగే నీళ్లకి కాలువ తీశాం. సబ్బుతో గిన్నెలు తోమిన నీళ్లు మాత్రం అటు పోనివ్వం. గోడ వెనక ఇళ్లున్న ముగ్గురు పిల్లలకి సెలవుల డ్యూటీ. తోటకూర నెల తిరక్కుండానే పప్పులోకి వచ్చింది. అలసంద మొక్క ఒకటి మెల్లగా పెకిలించి, వేరు మీది బుడిపెని గోటితో చిదిమి చూపిస్తే, లోపల గులాబి రంగు చూసి "రక్తమా మేడం?" అన్నాడొకడు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి చుట్టమే అది. నత్రజని పట్టే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ ఎక్కువ తగలకుండా చూస్తుంది. వాడు తెలియకుండానే సగం జవాబు చెప్పేశాడు.

సొర దగ్గరే చిక్కొచ్చింది. సొరలో ఆడపువ్వు, మగపువ్వు వేరు. మగదానికి సన్నటి పొడుగు కాడ, ఆడదానికి కింద నూగు పట్టిన బుల్లి పిందె. ఇంట్లో పాదులున్న పిల్లలకి ఇది నేను చెప్పక్కర్లేదు. ఎవరూ గమనించనిది ఒకటుంది. ఈ పువ్వు సాయంత్రం విచ్చుకుని, మర్నాటికి వాడిపోతుంది. దాని దగ్గరికి వచ్చేవి ముఖ్యంగా రాత్రి తిరిగే రెక్కల పురుగులు. మేం బడికి తాళం వేశాక దాని బడి తెరుస్తారన్నమాట.

ఆయమ్మ మాట కొట్టిపారేయబుద్ధి కాలేదు. మా అమ్మ కూడా అదే చెప్పేది. పిందెని చూపించాలంటే వేలు మడిచి కణుపుతో చూపించాలి. సరే, పరీక్ష పెడదాం అన్నాను ఎనిమిదో తరగతితో.

పన్నెండు ఆడమొగ్గలు, నాలుగు రంగుల దారాలు. ఎర్రదారం కట్టినవాటికి పుప్పొడి అద్దాలి, వేలూ చూపించాలి. పసుపుదారానికి పుప్పొడి మాత్రమే. ఆకుపచ్చకి వేలు మాత్రమే. తెల్లదారానికి ఏదీ లేదు. పురుగులు వాలకుండా మొగ్గలకి పాత నైలాన్ చీర ముక్కలతో సంచులు కుట్టి తొడిగాం. సాయంత్రం ఆరున్నరకి గోడ వెనకింటి అమ్మాయి టార్చి పట్టుకునేది. ఇంకో అమ్మాయి మగపువ్వు రేకులు వెనక్కి విరిచి, పొడి అంటిన మధ్యభాగాన్ని ఆడపువ్వు కీలాగ్రం మీద మెల్లగా రుద్దేది, బొట్టు పెట్టినట్టు. మొగ్గలన్నీ ఒక్కరోజే విచ్చుకోవు కదా, రెండు వారాలు పట్టింది. వేలు చూపించే పనికి మాత్రం పోటీ.

ఆకుపచ్చ, తెల్ల దారాలవి ఆరూ రాలిపోయాయి. ఎర్రవాటిలో రెండు నిలిచాయి, పసుపువాటిలో రెండు. పసుపులో పోయినదాన్ని కోస్తే లోపల పండుఈగ పురుగులు. ఎర్రది ఎందుకు పోయిందో తెలియలేదు. ఆ రాత్రి వాన కురిసిన మాట నిజమే కానీ, అదే కారణమని చెప్పలేను. క్లాసు రెండుగా చీలింది. "ఎర్రది వేలు వల్లే పోయింది" అని ఒక బెంచీ. ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు లేచి, "ఆరో క్లాసు వాళ్లు రోజంతా అటే చూపిస్తుంటారు. పసుపు పిందెలకి ఎవరూ చూపించలేదని గ్యారంటీ ఏంటి మేడం?" అన్నాడు. ఏ పాఠ్యపుస్తకం చివరా ఉండని ప్రశ్న. పన్నెండు పిందెలు చాలవని, వచ్చే ఏడాది ఇంకో పందిరి వేసి, చుట్టూ గోనెపట్టాలు కట్టాలని తీర్మానం రాసుకున్నారు.

నాలుగు కాయలూ కోసి సాంబార్లో వేశాం. ఆయమ్మ ముక్కలు తరుగుతూ, "పొడి పూస్తే నిలుస్తాయి, ఒప్పుకుంటాను. అయినా చూపించకండి" అంది.

మొన్న హెడ్‌మాస్టరు గారికి తోట తిప్పి చూపిస్తున్నాను. ఆకుల చాటున కొత్త పిందె కనిపించి "అదిగో సార్" అన్నాను. పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. చూసుకుంటే నా వేలు మడిచి ఉంది.