తెర వెనుక తెలుగు

మా వర్తూరులో తెలుగు ఇంటిలోపలి భాష. గడప దాటితే కన్నడం, నాలుగడుగులు వేస్తే హిందీ, ఇంగ్లీషు. ఇలాంటి చోట కాపురముంటున్నందుకేనేమో, దళవాయి చలపతిరావుగారి పేరు వింటే నాకు మన సంగతే గుర్తొస్తుంది.

ఆయనది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. తోలుబొమ్మల కళకుగాను 2020లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఆ ఊరి బొమ్మలాట కుటుంబాల ఇంటి భాష ఆరె మరాఠీ. అయినా తెర వెనుక చేరితే రాముడు, రావణుడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అందరూ వాళ్ల గొంతుల్లో తెలుగే పలికారు. తమ భాషను ఇంట్లో నిలుపుకుంటూనే మన రామాయణాన్ని తరాలపాటు మోశారు వాళ్లు.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు దూరేంత పలచన చేస్తారు. బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులద్దుతారు. తెర వెనుక దీపం పెడితే ఆ చిల్లులే సీతమ్మ ఒంటిమీద నగలు. ఆట తెల్లవార్లూ సాగేది. సినిమా, టీవీ వచ్చాక పిలిచే ఊళ్లు తగ్గాయి. అదే తోలు, అదే ఉలి లాంప్ షేడ్ల వైపు మళ్లాయి.

మా ఇంట్లోనూ ఒకటుంది. కదిరి నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని చూసి, "సీతమ్మను ఇట్ల చుట్టిపెట్టినారు సరే, పాట ఎవురు పాడాల?" అంది.

అమెరికాలో నవాహోలదీ ఇదే కథ. ఒంటికి కప్పుకునే దుప్పట్లు నేసిన చేతులు, 19వ శతాబ్దం చివర వర్తకుల గిరాకీ కొద్దీ నేలమీద పరిచే తివాచీలు నేశాయి. కడుపు నిండాలి కదా! తప్పు పట్టలేం. లాంప్ షేడ్ వల్లనే నిమ్మలకుంటలో ఉలి చప్పుడు ఆగలేదు.

కానీ మా అమ్మ అడిగినదానికి అంగట్లో జవాబు లేదు. బొమ్మను కొనుక్కోవచ్చు, పాటకు మాత్రం ఎదురుగా కూర్చుని వినేవాళ్లుండాలి. ధర్మవరం మనకు రైలు దూరమే. వచ్చే ఉగాదికి మన సంఘాలు వేదికమీద సినిమా పాటలు కొంచెం తగ్గించి, ఒక తెల్లగుడ్డ కట్టి ఆ కళాకారులను పిలవాలి. మన పిల్లలకు పద్యాలన్నీ అర్థం కాకపోవచ్చు. జుట్టుపోలిగాడి మాటలకు నవ్వితే చాలు, తెలుగు చెవిన పడినట్టే.