కుటుంబాల ముందు కూర్చునే చదువు

ఆదోని

చెల్లీ,

ఫ్యామిలీ థెరపీలో పీజీ చెయ్యాలని ఉంది, ఎక్కడ చేరమంటావని అడిగావు. ఈ వైపు తిరుగుతున్నకొద్దీ నాకు తోస్తున్నది ఒక్కటే: ఆ చదువు బలం సిలబస్‌లో కంటే, అనుభవమున్న గురువు కళ్లెదుట కుటుంబాలతో కూర్చున్న గంటల్లో ఉంటుంది. ఆ గంటల్లో కొన్నయినా ఆదోని లాంటి చోట గడవాలి. కాలిఫోర్నియాలో ఈ వృత్తికి లైసెన్సు కావాలంటే పర్యవేక్షణలో 3,000 గంటలు పనిచెయ్యాలి. అందులో కనీసం 500 గంటలు దంపతులతో, కుటుంబాలతో, పిల్లలతో గడపాలి. మన దేశంలో ఈ వృత్తికి విడిగా లైసెన్సే లేదు. నువ్వు పొందే శిక్షణ తప్ప, నీ దగ్గరికి వచ్చేవాళ్లకు వేరే రక్షణ లేదన్నమాట.

ఆదోని అంటే పత్తి మార్కెట్టు. కానీ చుట్టుపక్కల కోసిగి, కౌతాళం వైపు పల్లెల్లో వానాధార సేద్యం చేతికందకపోతే జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టడం పనులకు బెంగళూరు, హైదరాబాదులకు. తల్లిదండ్రులు నెలల తరబడి ఊళ్లో ఉండరు. పిల్లలు అవ్వాతాతల దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉంటారు, లేదా బడి మాని వెంట పోతారు. వారం వారం ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుంటారనుకుని రాసిన పాఠం ఇక్కడ నడవదు. సుగ్గి లెక్క తెలియని థెరపిస్టు తల్లి ఊళ్లో లేకపోవడాన్ని నిర్లక్ష్యమనుకుంటుంది, పిల్లాడి మొండితనాన్ని జబ్బనుకుంటుంది.

ఇళ్ల గొడవలు తీర్చడానికి పెద్దమనుషులు లేరా అని నాన్న అంటాడు. ఉన్నారు, వాళ్ల మాటకు విలువా ఉంది. అయితే పంచాయితీలో కూర్చున్నవాళ్లు ఏదో ఒక వైపు చుట్టాలు. అక్కడ చెప్పుకున్నది ఊరంతా తెలుస్తుంది. తప్పెవరిదో తేల్చి, కాపురం నిలబెట్టడమే వాళ్ల పని. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం కౌన్సెలర్లకు చోటిచ్చింది గానీ, ఆ చట్టం మొగ్గు కూడా రాజీవైపే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో సుమారు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. అలాంటి అమ్మాయి దెబ్బలు తింటుంటే భార్యాభర్తలిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి సర్దుకుపొమ్మనడం ప్రమాదం. ఎప్పుడు విడివిడిగా మాట్లాడాలో, ఎప్పుడు 2005 గృహహింస చట్టం సాయం తీసుకోవాలో తెలియాలి. పెద్దరికంతో అబ్బే విద్య కాదిది, నేర్చుకోవాల్సిందే.

ఎమ్మిగనూరు

చెల్లీ,

ఫ్యామిలీ థెరపీ పాశ్చాత్యుల విద్య, మన ఇళ్లకు పనికిరాదన్నది రెండో అభ్యంతరం. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి, వైద్యంలో వాళ్లను భాగస్వాములను చేశాడు. తర్వాత, ఇక్కడివాళ్లు కూలికి పోయే బెంగళూరులోనే, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ కుటుంబాలకంటూ ప్రత్యేక విభాగం నడుపుతోంది. ఇంటివాళ్లను వైద్యంలోకి తేవడం మనకు పరాయిది కాదు. ఆ అనుభవాన్ని తెలుగు పల్లెల దాకా తెచ్చే శిక్షణే కొరతగా ఉంది.

ఎమ్మిగనూరు నేతకారుల ఊరు. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఈ ఊరికి పేరు తెచ్చింది. గుంట మగ్గం ఉన్న ఇంట్లో భర్త గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే, భార్య పక్కనే రాట్నం మీద కండెలు చుడుతుంది. కండె అందకపోతే నాడె ఆగుతుంది. కూలి మాత్రం నేసిన బట్టకే, నేసినవాడి పేరునే. ఆ ఇంట్లో డబ్బు గొడవను ఇద్దరి స్వభావాల తేడాగా చూస్తే సగమే చూసినట్టు. ఎవరి పని లెక్కలోకి వస్తోంది, ఎవరిది రావట్లేదు అని అడగగలిగితేనే మాట ముందుకు సాగుతుంది.

నీళ్లూ కూలీ లేని జనానికి థెరపీ ఎందుకన్న ప్రశ్న అన్నిటికంటే బరువైనది. కరువును థెరపీ తీర్చదు. తీరుస్తానని చెప్పే థెరపిస్టును నమ్మకు. కానీ కరువు తెచ్చిన తాగుడూ, అనుమానమూ, ఎడబాటూ కాలవ నీళ్లొచ్చిన మర్నాడే పోవు. పేదవాళ్లకు అన్నం చాలు, మనసు సంగతి ఉన్నవాళ్లకే అనుకోవడం అన్యాయం.

అందుకే కాలేజీ పేరు చూసి చేరవద్దు. రెండేళ్లలో ఎన్ని గంటలు కుటుంబాలతో కూర్చోబెడతారు, నా పని ఎవరు గమనించి దిద్దుతారు, పల్లెలకు పంపుతారా అని అడుగు. సూటిగా జవాబిచ్చిన చోటే ఫీజు కట్టు.

మీ అన్నయ్య